ముందే కోసిన కేకు

మధ్యాహ్నం మూడూ పది. ఐదు గంటలకు ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవుకి వెళ్ళే ఓడ మా దీవికి వస్తుంది. ఆరు గంటలకు పునీత ఫనూరియోస్ పటాన్ని పడవలో పెట్టుకుని ఊరంతా సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండకొమ్ము మీది గుడికి బయల్దేరాలి. పడవ సిద్ధంగా ఉంది, ఊరూ సిద్ధంగా ఉంది. పటమే లేదు.

పోయిన వస్తువులు చూపించే పునీతుడాయన. తాళంచెవి పోయినా, గాడిద తప్పిపోయినా, పెళ్ళికొడుకు దొరక్కపోయినా మా ఆడవాళ్ళు ఆయనకే కేకు మొక్కుకుంటారు. ఇప్పుడు ఆయనే పోయాడు. ఎవరికి మొక్కాలో తెలియక పొద్దుటి నుంచి అందరూ నా మొహం చూస్తున్నారు. ముప్పై ఏళ్ళు రేవు పోలీసులో సార్జెంటుగా చేసి రిటైరైన అర్గిరోని నేను. ఊళ్ళో ఏది పోయినా ఫనూరియోస్ తర్వాత నా దగ్గరికే వస్తారు.

"ఐదింటికి ఓడ. ఆ లోపల మీరు ఇంకో పేరు చెప్పండి, లేదా నేను జన్నిస్‌ని అందులో ఎక్కిస్తాను," అన్నాడు లెఫ్టినెంట్ వుర్లుమిస్.

దీవుల్లో పాత పటాలు కాజేసే ముఠా కోసం ఏథెన్స్ నుంచి వారం కిందట దిగాడీయన. పొద్దుటి నుంచి తాళం వేసిన తలుపులు ఇరవై రెండు తెరిపించాడు, రేవులో టూరిస్టుల పెట్టెలు నలభై మూడు విప్పించాడు. ఏమీ దొరక్క చివరికి జన్నిస్‌ని పట్టుకొచ్చి రేవు ఆఫీసు గోదాములో కూర్చోబెట్టాడు.

జన్నిస్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు. వ్యానులో టూరిస్టులను తిప్పి కుమ్మరి పనీ, పావురాల గూళ్ళూ, గుళ్ళూ చూపిస్తుంటాడు. పటం పోయింది వాడి మేనత్త అంజులేత్త ఇంట్లో. మా ఊళ్ళో ఏటా ఒక ఇల్లు ఆ పటాన్ని అతిథిగా ఉంచుకుంటుంది. ఏడాది పొడుగునా ఆయన ముందు దీపం ఆరకూడదు, పగలు తలుపు మూయకూడదు, గడప దాటి వచ్చినవాళ్ళు తినకుండా వెళ్ళకూడదు. ఈ ఏడాది వంతు అంజులేత్తది. రేపటి పండగతో అది ముగుస్తుంది.

"పిన్నీ, నేను తియ్యలేదు," అన్నాడు జన్నిస్ నన్ను చూడగానే. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"తీశావా అని నేను అడిగానుట్రా? పొద్దుట ఎనిమిదీ నలభై అయిదు నుంచి చెప్పు. నిమిషాల లెక్కన చెప్పు."

"ఎనిమిదీ నలభై అయిదుకి ఓడ వచ్చింది. పదహారు మందిని ఎక్కించుకున్నా. పావురాల గూళ్ళ దగ్గర ఆగాం. సరిగ్గా పదింటికి వాళ్ళని కుమ్మరి కొట్టు దగ్గర దింపా. పదీ పదికి సందులోకి వచ్చా. అత్త ఇంట్లో లేదు. పండగ బల్లల మీదికి గుడ్డలు తెమ్మంది కదా, లోపలి గదిలోంచి మూట తీసుకున్నా. పదీ ఇరవై అయిదుకి బయటికొచ్చా."

"ఆ మూట మీదే మా అనుమానం. ఇప్పుడు అందులో గుడ్డలే ఉన్నాయి, అప్పుడేం ఉందో ఎవరికి తెలుసు?" అన్నాడు వుర్లుమిస్. "మూటతో వెళ్ళడం చూసినవాళ్ళు ఇద్దరున్నారు. పైగా, పటాన్ని అద్దాల పెట్టెలో పెట్టి టూరిస్టులకు చూపిద్దామని వీడు వాళ్ళత్తతో దెబ్బలాడాడు. అవునా కాదా?"

"దెబ్బలాడితే దొంగనవుతానా? దీపం పొగకీ భక్తుల ముద్దులకీ రంగు పోతోంది సార్, కాపాడుకుందాం అన్నా. అంతే!"

"పటం గూటిలో ఉందా లేదా చూశావా?" అని అడిగాను.

వాడు తల దించుకున్నాడు. "చూళ్ళేదు పిన్నీ. అక్కడ ఆగి దణ్ణం పెట్టుకుంటే ఆలస్యం అవుతుందని దూరిపోయా. ఆ పాపమే తగిలింది."

"నీ చెప్పుల అంచుకి సున్నం ఏమిటి?"

"అత్త సందులో సున్నం గీతలు వేసింది కదా. తొక్కేశా. చేతిలో కేకు ముక్క ఉంది, కళ్ళు దాని మీదున్నాయి."

"కేకా? ఎక్కడిది?"

"మరూసో మామ్మ ఇచ్చింది. గుమ్మంలో నిలబడి ఉంది, పిలిచి పెట్టింది. లోపలికొచ్చి కూర్చోరా అంది. టైము లేదు మామ్మా అని తింటూ వెళ్ళిపోయా."

మరూసో అంటే మా అమ్మ.

"ఏ కేకు?" అన్నాను.

"ఫనూరియోస్ కేకే. ఎండుద్రాక్షా, దాల్చినచెక్కా... పైన పంచదార పొడి కూడా చల్లింది."

"ముక్క కోసి పెట్టిందా?"

"కొయ్యకుండా ఎలా పెడుతుంది పిన్నీ?"

వుర్లుమిస్ గడియారం చూసుకుంటున్నాడు. ఏథెన్స్ మనిషి, అతనికి అందులో వింత కనపడలేదు. నాకు కనపడింది. పండగ ముందు రోజు ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఆ కేకు ఉంటుంది, కానీ ఏ ఇంట్లోనూ కోసి ఉండదు. గుడ్డ కప్పి అలాగే గుడికి తీసుకెళ్ళాలి. సాయంత్రం ఫాదర్ గారు దీవించాకే కత్తి పడుతుంది. ముందే కోయడానికి ఒక్క ఇంటికే అనుమతి ఉంది. పునీతుడు ఏ ఇంట్లో ఉన్నాడో ఆ ఇంటికి. ఆయన కళ్ళెదుట కోసింది దీవించినట్టే లెక్క.

ఎనభై నాలుగేళ్ళలో మా అమ్మ ఆ కేకుని ఒక్కసారి కూడా ముందు కోసి ఎరగదు.

"సందు చూద్దాం పదండి," అన్నాను లెఫ్టినెంట్‌తో. బయటికి వస్తుంటే జన్నిస్ నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి కళ్ళలోకి చూడలేకపోయాను.

*

మూడూ నలభై. సందులో రాళ్ళ మధ్య సున్నం గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. పండగకి ఇళ్ళవాళ్ళు ఎవరి గుమ్మం ముందు వాళ్ళు గీతలు దిద్దుకోవడం మా అలవాటు. అంజులేత్త గుమ్మంలోనే చతికిలబడి ఉంది. చేతులకి ఇంకా సున్నం ఉంది, కడుక్కోలేదు.

"ఎప్పుడు మొదలెట్టావు, ఎప్పుడు ముగించావు?" అని అడిగాను.

"తొమ్మిదికి మొదలెట్టా. తొమ్మిదీ నలభైకి బకెట్టు పక్కన పెట్టేసి ఊళ్ళో గుడికి వెళ్ళిపోయా, దీపాలు తుడవడానికి. పదీ యాభైకి వచ్చా. గూడు ఖాళీ." గుమ్మానికి తల ఆనించింది. "రేపు ఊరికి ఏ మొహం చూపించనే అర్గిరో? నూట ఎనభై ఏళ్ళుగా చేతులు మారుతూ వచ్చాడు. నా చేతిలోనే జారిపోవాలా? పైగా మా తమ్ముడి కొడుకు దొంగా?"

"తొమ్మిది నుంచి తొమ్మిదీ నలభై దాకా గుమ్మంలోనే ఉన్నావుగా? నిన్ను దాటి ఎవరూ లోపలికి వెళ్ళలేదుగా?"

"ఈగ కూడా వెళ్ళలేదు."

తడి సున్నం నీళ్ళలా కనిపిస్తుంది, ఆరాకే తెల్లబడుతుంది. ఊళ్ళో పుట్టినవాళ్ళకి అది తెలుసు. పండగ రోజుల్లో చూడకుండానే రాయి మీద నుంచి రాయి మీదికి అడుగు వేస్తారు. నేను వంగి చూశాను. జన్నిస్ చెప్పుల గుర్తులు పైకి వెళ్ళినవీ, కిందికి వచ్చినవీ. ఇంకే పాదం గుర్తూ లేదు. కానీ గీతల్లో రెండు రాళ్ళకొకటి చొప్పున చిన్న గుండ్రటి గుంటలున్నాయి. ఒక్కో గుంట మధ్యలో మేకు పొడిచినట్టు చుక్క.

"ఇవి నేనూ చూశాను," అన్నాడు వుర్లుమిస్. "గొడుగు మొన. ఎవరో టూరిస్టుది."

"ఆగస్టులో గొడుగా?"

"ఎండకి."

"ఈ గాలికి గొడుగు విప్పినవాడు ఇప్పటికి క్రీటులో దిగి ఉంటాడు లెఫ్టినెంట్ గారూ."

ముఖం ముడుచుకున్నాడు. నేను నవ్వాను గానీ అది పైపైన. పోయిన చలికాలం జారిపడకుండా ఒక చేతికర్ర చివర నా చేత్తోనే మేకు దిగ్గొట్టాను. రాయి మీద కర్ర జారుతుందని గీతల్లోనే పొడుచుకుంటూ నడిచే మనిషి కోసం.

లోపలికి వెళ్ళాను. ఖాళీ గూటి ముందు నూనె దీపం వెలుగుతోంది.

"దీనిలో నూనె ఎప్పుడు పోశావు?"

"ఎనిమిదిన్నరకి. ఆరు గంటలకి సరిపడా పోస్తా. ఆ తర్వాత ముట్టుకోలేదు. ఈయన దేన్నీ ముట్టుకోవద్దన్నాడుగా!"

"అంటే రెండున్నరకి ఆరిపోవాలి. ఇప్పుడెంత?"

వుర్లుమిస్ గడియారం చూశాడు. "మూడూ యాభై."

"ఇంకా ఎంత నూనె ఉందో చూడండి. దొంగ పటం తీశాక దీపంలో నూనె పోసి వెళ్ళాడు. మీ ముఠాలో అంత భక్తిపరులున్నారా?"

ఆయన వంగి దీపంలోకి చూశాడు. తెలివితక్కువ మనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. "ఊరివాళ్ళే అంటారు," అన్నాడు మెల్లగా.

"ఊరివాళ్ళే. తొమ్మిదీ నలభై దాటాక, పదీ పది లోపల. పదింటి దాకా జన్నిస్ పదహారు మంది టూరిస్టుల మధ్యే ఉన్నాడు, సందులోకి వచ్చింది పదీ పదికి. వెంటనే రేవుకి ఫోన్ చేసి వాణ్ణి వదిలెయ్యమని చెప్పండి."

"పదీ పది ఎక్కడిది? పదీ యాభై దాకా ఎప్పుడైనా తీసి ఉండొచ్చు. ఊరివాడే అంటే వాడూ ఊరివాడేగా! సున్నం మీద ఉన్న పాదాలు వాడివే. మూట వాడిదే."

"పదీ పదికే పటం ఈ ఇంట్లో లేదు. నాకు తెలుసు."

"ఎలా తెలుసు?"

కేకు సంగతి చెబితే ఇరుక్కునేది మా అమ్మ, చెప్పకపోతే అంజులేత్త మేనల్లుడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎన్నోసార్లు ఇతరుల ఇళ్ళ తలుపులు తట్టాను. వాళ్ళకి ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇప్పుడు నాకు భయం వేసింది, సిగ్గు కూడా వేసింది.

"పేరు మీకు తెలుసు," అన్నాడు వుర్లుమిస్. దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "రిటైర్డ్ సార్జెంట్ గారూ, మీ ఊరివాళ్ళని మీరు కాపాడుకుంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ లెక్కన ఐదింటి ఓడలో ఒకడు ఎక్కుతాడు. పేరు చెప్పండి, లేదా దారి వదలండి."

"పేరు చెప్పను. ఇల్లు చూపిస్తాను. ఆ బేడీలు జేబులో పెట్టుకుని రండి."

"జేబులో పెట్టుకోవాలో చేతికి వెయ్యాలో నేను చూసుకుంటాను."

"వేసేటట్టయితే ముందు నాకు వెయ్యండి. ఆ కర్రకి మేకు కొట్టింది నేనే."

ఆయనకి అర్థం కాలేదు. అంజులేత్తకి అర్థమైంది. గుమ్మం పట్టుకుని లేచి మా వెనకాలే నడిచింది.

*

ఐదు ఇళ్ళ దిగువనే మా ఇల్లు. నాలుగూ ఐదు. తలుపు బార్లా తెరిచి ఉంది.

పొద్దుటి నుంచి లెఫ్టినెంట్ మనుషులు ఈ సందులో నాలుగుసార్లు తిరిగారు. మూసిన తలుపు కనిపిస్తే చాలు తెరిపించారు. ఈ తెరిచిన తలుపు ముందు నుంచి నాలుగుసార్లూ తిన్నగా వెళ్ళిపోయారు. నేనూ వెళ్ళిపోయాను, అది నాకు ఇంకా సిగ్గు.

లోపల బల్ల మీద కుట్టుపని చేసిన గుడ్డ పరిచి ఉంది. ఎనిమిది పళ్ళాలు, ఎనిమిది గ్లాసుల చన్నీళ్ళు, గిన్నెలో నిమ్మపూల మురబ్బా, మధ్యలో ఒక్క ముక్క తగ్గిన కేకు. గోడకి ఆనించిన పెద్ద కుర్చీలో, మా నాన్న కూర్చునే కుర్చీలో, తెల్లటి తువ్వాలు మీద పునీత ఫనూరియోస్ కొవ్వొత్తి పట్టుకుని నింపాదిగా కూర్చుని ఉన్నాడు. ముందు దీపం వెలుగుతోంది.

గోడకి ఆనుకుని ఆయన్ని చూశాను. చెక్కుచెదరకుండా ఉన్నాడు. ఎక్కడా గీత కూడా లేదు. నా వెనకాల అంజులేత్త సున్నం చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని ఒక్కసారిగా ఏడ్చేసింది. ఆనందంతో ఏడ్చే మనిషిని ఆపకూడదు, ఆపలేదు.

నల్ల బట్టలు కట్టుకుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చున్న మా అమ్మ మమ్మల్ని పైనుంచి కిందికి చూసింది.

"ఇప్పుడా రావడం? పొద్దుటి నుంచీ తలుపు తీసుకుని కూర్చున్నా. ఒక్క మనిషి గడప తొక్కలేదు. ఏమయ్యారే ఊళ్ళో వాళ్ళంతా? చచ్చారా?"

"అందరూ ఆయన్నే వెతుకుతున్నారమ్మా!"

"ఎందుకూ? ఇక్కడే ఉన్నాడుగా!"

వుర్లుమిస్ పటాన్నీ అమ్మనీ మార్చి మార్చి చూశాడు. "పటం మీరు తీశారా?"

"తియ్యడమేంటి నాయనా? పిలిచాను, వచ్చాడు." తర్వాత అంజులేత్త వైపు తిరిగి గొంతు తగ్గించింది. "నీ దీపంలో నూనె పోసే వచ్చానమ్మా. ఆయన లేకపోయినా ఆ చోటు చీకటి కాకూడదని. ఒక్క గంట ఉంచుకుని, నువ్వు వచ్చేలోపల పెట్టేద్దామనుకున్నా."

"మరి పెట్టలేదేం అత్తా?" అంది అంజులేత్త ఎక్కిళ్ళ మధ్య. "నా ప్రాణాలు పోయాయి. జన్నిస్‌కి బేడీలు వేస్తున్నారు!"

"జన్నిస్‌కా? ఎందుకూ? వాడు మంచిపిల్లాడు." అమ్మ ముఖం నిజంగానే పాలిపోయింది. రేడియో కూడా సరిగ్గా వినపడని మనిషి, పటం తెచ్చుకున్నాక ఇల్లు కదల్లేదు. ఆమెకి ఏమీ తెలియదు. "ఎలా పెట్టనే? స్వామి ఇంటికొచ్చాక ఒక్క అతిథైనా కూర్చుని తినకుండా ఆయన్ని గడప దాటిస్తానా? ఆ జన్నిస్‌ని పిలిస్తే నడిసందులో తింటూ పోయాడు. అది అతిథి కిందికి వస్తుందా? ఇంకొకరి కోసం చూస్తూ కూర్చున్నా. రాలేదు."

అప్పుడర్థమైంది నాకు. అతిథి వస్తేగానీ పటం కదలదు. పటం కోసం వెతుకుతూ ఊళ్ళో ఒక్కడూ అతిథిగా రాడు. రేపటి దాకా వెతికినా ఇలాగే ఉండేది. నవ్వు ఆగలేదు. గోడకి ఆనుకునే కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాను.

"నవ్వుతావేంటే? వచ్చినాయన్ని కూర్చోమను."

వుర్లుమిస్ నిలబడే ఉన్నాడు. చెయ్యి జేబు మీద ఉంది. "అమ్మా, అనుమతి లేకుండా పటం తీసుకెళ్ళడం చట్టప్రకారం..."

"అనుమతి ఇచ్చా," అంది అంజులేత్త.

"ఎప్పుడు?"

"పొద్దుట. మర్చిపోయా. పండగ హడావిడి." ముక్కు చీదుకుంది. "ఇల్లు నాది, వంతు నాది. రేపటి దాకా ఆయన ఎక్కడుండాలో చెప్పాల్సింది నేనే. ఏదీ పోలేదు, ఫిర్యాదు లేదు. రాసుకోండి."

లెఫ్టినెంట్ నా వైపు చూశాడు. నేను గడియారం వైపు చూశాను. నాలుగూ పదిహేను.

"మీరు కూర్చుని తింటేనే పటం గుడికి వెళ్ళేది," అన్నాను. "తినకపోతే ఆరింటి పడవ ఆగిపోతుంది. ఊరంతా మిమ్మల్నే అడుగుతుంది. మీ ఇష్టం."

ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అమ్మ కేకు ముక్క కోసి ఆయన ముందు పెట్టింది. మొదటి ముక్క మొహమాటంగా తిన్నాడు. రెండోది అడిగి వేయించుకున్నాడు. పొద్దుటి నుంచి ఆ మనిషి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. రెండో ముక్క నోట్లో ఉండగానే ఫోన్ తీసి, "ఆ కుర్రాణ్ణి వదిలెయ్యండి. దొరికింది. ఆ, దొరికింది," అన్నాడు. రేవు వైపు నుంచి ఎవరో అరిచిన కేకలు ఇక్కడిదాకా వినిపించాయి. వెంటనే గుడి గంట మోగడం మొదలైంది.

అంజులేత్త పటాన్ని తువ్వాలుతో సహా ఎత్తుకుని కళ్ళకి అద్దుకుంది. అమ్మ ఆమె చేతులు పట్టుకుని, "తప్పేనే అమ్మా. అడిగితే నువ్వు ఒప్పుకోవు. నీ చోట నేనున్నా ఒప్పుకోను. అందుకే అడగలేదు," అంది.

"మీ వంతు ఎప్పుడు?" అన్నాడు వుర్లుమిస్ నోరు తుడుచుకుంటూ.

"పన్నెండేళ్ళ తర్వాత. ఇదివరకు మూడుసార్లు వచ్చింది. ఒకసారి పిల్లల్లేని పిల్లకి ఇచ్చేశా. ఒకసారి మొగుడు ఓడ పనికి వెళ్ళినామెకి. ఇంకోసారి ఎవరికో గుర్తులేదు. నాకు తొందరేముందిలే అనుకున్నా. మొన్న మెట్లెక్కుతుంటే తెలిసింది, పన్నెండేళ్ళు ఈ మోకాళ్ళు ఆగవని. ఇంటికి పిలిచి కూర్చోబెడతానన్న మొక్కు తీర్చకుండా పోతే ఆయనకి ఏం చెప్పను?"

"మొక్కా?" అన్నాను. "నువ్వు మొక్కుకున్నట్టు నాకెప్పుడూ చెప్పలేదే!"

"నీకు చెబితే ఆ యూనిఫాం వేసుకుని వెళ్ళి ఫాదర్ గారిని దబాయించి వంతు మార్పించేదానివి. నాకు తెలియదూ?"

"ఏం పోయిందని మొక్కారు?" అని అడిగాడు లెఫ్టినెంట్. ఇప్పుడతని గొంతులో పోలీసు లేడు.

అమ్మ చేతిలో ఉన్న చెంచాతో నన్ను చూపించింది.

"ఇదిగో, ఇదే పోయింది."

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, నవంబరులో, కిమోలోస్ దీవి దాటాక మా గస్తీ పడవ ఇంజను ఆగిపోయింది. రెండు రాత్రులు గాలి ఎటు తోస్తే అటు వెళ్ళాం. మూడో రోజు పొద్దుట చేపల పడవవాళ్ళు మమ్మల్ని చూశారు. అదృష్టం అనుకున్నాను. ఇన్నేళ్ళూ అందరికీ అలాగే చెప్పుకున్నాను. ఇంటికి వచ్చిన రోజు అమ్మ నన్ను చూసి ఒక్క మాటా అనలేదు. లోపలికి వెళ్ళి కేకు చెయ్యడానికి పిండి జల్లించింది. ఎందుకో అడగాలని కూడా నాకు తోచలేదు.

గంట మోగుతూనే ఉంది. సందులో జనం పరిగెత్తుకొస్తున్న చప్పుడు, అందరికంటే ముందు జన్నిస్ గొంతు. నాకు కళ్ళు కనబడటం లేదు.

అమ్మ నా ముందు పళ్ళెం పెట్టింది.

"దొరికావుగా," అంది. "కూర్చుని తిను."